కుళాయికి ఎర్రగుడ్డ

మూడో చావు జరిగిన రోజున ఇంజినీరు మా వీధికొచ్చి మాకు చేతులు కడుక్కోవడం నేర్పాడు.

అబద్ధం కాదు. ఇస్త్రీ తాత శవం ఇంకా ఇంటి ముందే ఉంది. ఆయన కూతురు గుమ్మంలో కూలబడి గుండెలు బాదుకుంటోంది. ఆ గుమ్మానికి పదడుగుల దూరంలో, వీధి కుళాయి పక్కన నిలబడి, పురపాలక నీళ్ల ఇంజినీరు సబ్బుబిళ్ల పట్టుకుని "ముందు అరచేతులు, తర్వాత వేళ్ల సందులు, తర్వాత గోళ్లు" అంటూ చేసి చూపిస్తున్నాడు. పక్కనొకడు ఫొటోలు తీస్తున్నాడు. కుళాయిలో నీళ్లు లేవు, వచ్చే టైము అయిపోయింది. అందుకని ఆయన కారులోంచే సీసా నీళ్లు తెచ్చి ఆయన చేతుల మీద పోశారు.

"నీళ్లలో ఏ దోషమూ లేదమ్మా. జబ్బు మీ అశుభ్రత వల్ల వస్తోంది," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, మేం పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా బట్టలు కుట్టేవాళ్లం. కాలరు మీద వేలిముద్ర పడితే ఆ చొక్కా మా మొహాన కొడతారు. చేతులు కడుక్కోవడం మాకు మీరు నేర్పాలా? అదీ శవం ముందు నిలబడి నేర్పాలా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు వీళ్లకి లీడరువా?"

"కాదు సార్. వీళ్లలో ఒకదాన్ని."

ఆయన ఒక నవ్వు నవ్వి కారెక్కి వెళ్లిపోయాడు. ఇది మీకు చెప్పడం ఎందుకంటే, పనిచేసుకుని బతికే అన్నల్లారా అక్కల్లారా, చదువుకుంటున్న పిల్లల్లారా, మీ వీధికి కూడా ఏదో ఒక రోజు ఎవడో ఒకడు సబ్బుబిళ్ల పట్టుకుని వస్తాడు.

మా బట్టల ఫ్యాక్టరీ వెనక ఏడు వీధులున్నాయి. పొద్దున ఆరింటికి నీళ్లొస్తాయి, ఏడింటికి ఆగిపోతాయి. ఆ గంటలో ఏడు వీధుల ఆడవాళ్లం బిందెలతో యుద్ధం చేస్తాం. ఆ నీళ్లు వదిలేది మా మరిదే. మొదటి వీధి మలుపులో ఇనుపమూత కింద గుంత, గుంతలో వాల్వు. ఛాతీ ఎత్తు ఇనుప కడ్డీ, దాన్నే తాళం అంటారు, లోపలికి దించి పదహారు చుట్లు తిప్పాలి. కాంట్రాక్టరు కింద వాడికా పని. నేను కాపురానికి వచ్చేనాటికి వాడు తొమ్మిదేళ్లవాడు. ముక్కు తుడిచి బడికి పంపింది నేనే, కాబట్టి వాణ్ని తిట్టే హక్కు కూడా నాదే. మా ఆయన లారీ మీద తిరుగుతుంటాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో కనిపిస్తే గొప్ప. మిగిలింది నేను, మరిది, వాడి పెళ్లాం. నా తోడికోడలంటే నా కూతురి వయసు పిల్ల, చిన్నదీ అని పిలుస్తాను. దానికప్పుడు ఆరో నెల.

ఇస్త్రీ తాతని సాగనంపి వచ్చిన సాయంత్రం చిన్నది భళ్లున వాంతి చేసుకుంది. ఆరో నెలలో వాంతులేమిటని దాన్ని వెలుతురులోకి లాగి, కంటి కింద రెప్ప పట్టి చూశాను. పసుపు పూసినట్టుంది.

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ చూసి తల పట్టుకుంది. "పచ్చకామెర్లు. కడుపుతో ఉన్నవాళ్లకి ఇది మామూలుగా పోదు. తల్లికీ ప్రమాదమే, బిడ్డకీ ప్రమాదమే. ఏ నీళ్లు తాగుతున్నారు మీరు?"

"కుళాయి నీళ్లేనమ్మా."

"మురుగు కలిసిన నీళ్లతో వచ్చే జబ్బిది. ఇవాళ్టి నుంచి కాచి చల్లార్చిన నీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వొద్దు. మంచాలు ఖాళీ లేవు, రోజూ తీసుకొచ్చి చూపించండి."

మరిది ఇంటికొచ్చేదాకా నేల చూపులు చూస్తూ నడిచాడు. పెళ్లాం గురించి భయపడ్డాడనుకున్నాను. భయమే, కానీ అందులో నాకు తెలియనిది ఇంకోటుంది.

మర్నాడు ఏడు వీధులూ తిరిగి అర్జీ మీద వేలిముద్రలు వేయించాం. తిరిగినదాన్ని నేను, నాతో రేడియో అవ్వ. మొదటి వీధిలో ఎవరైనా తుమ్మితే మధ్యాహ్నానికి ఏడో వీధికి ఆ కబురు చేరవేస్తుంది, అందుకే ఆ పేరు. అర్జీ ఇచ్చిన వారానికి, ఆరోగ్యశాఖ ల్యాబు నుంచి ఒకాయన చెక్కపెట్టెలో సీసాలు పెట్టుకుని సైకిలు మీద వచ్చాడు. చిన్నదాన్ని చూసుకోవడానికి ఆ రోజు సెలవు పెట్టి నేను ఇంట్లోనే ఉన్నాను.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం వినండి. ఆయన వచ్చేసరికి పదకొండయింది. కుళాయిలు ఎండిపోయి ఉన్నాయి. పాపం చెమటలు కక్కుతూ మా అరుగు మీద కూర్చుని, "అమ్మా, మీరు తాగే నీళ్లు కొంచెం ఇవ్వండి, పరీక్షకి" అన్నాడు. ఇంటికొచ్చిన మనిషి, గవర్నమెంటు మనిషి, నీళ్లడిగాడు. బిందెలో నీళ్లు చూస్తే అడుగున నలకలు. అవి ఎలా ఇస్తాను? పరువేం కాను? చిన్నదాని కోసం కాచి, వడగట్టి, మూతపెట్టి ఉంచిన నీళ్లున్నాయి. తళతళలాడేలా తోమిన చెంబుతో అవి తెచ్చి ఇచ్చాను. పక్కింటావిడ కూడా అంతే, పసివాడికి కాచిపెట్టినవి తెచ్చింది. నాలుగో వీధిలో ఒకావిడైతే పక్కింటి ఫిల్టరు నీళ్లు అరువు తెచ్చి మరీ ఇచ్చింది. పది సీసాలు నిండాయి. మేమంతా గుమ్మాల్లో నిలబడి ఆయన్ని సాగనంపాం కూడా.

నాలుగు రోజులకి ప్రతి వీధి మొదట్లోనూ కాగితం అతికించారు. నీరు స్వచ్ఛం, త్రాగుటకు యోగ్యం. కింద ఇంకో ముక్క. నీటి గురించి వదంతులు వ్యాపింపజేసేవారిపై చర్య తీసుకోబడును.

నేను ఆ మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టగానే తిండి మానేసి ల్యాబుకి పరిగెత్తాను. సీసాలాయన్ని అందరి ముందూ దులిపేద్దామనే వెళ్లాను. "ఎంత తిన్నావయ్యా? నలుగురు చచ్చారు మా దగ్గర. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి నీకు చెయ్యెలా వచ్చింది?" ఆ నాలుగో చావు నా పక్క మిషను మీద కుట్టే పిల్లది.

ఆయనకి కోపం రాలేదు. కూర్చోమన్నాడు. "అమ్మా, నేను పరీక్ష చేసిన నీళ్లు నిజంగానే బాగున్నాయి. అంత బాగుండటం చూసే నాకు అనుమానం వచ్చింది. అవి కాచిన నీళ్లు కదూ?"

నాకు తలకొట్టేసినట్టయింది. నాలుక కరుచుకున్నాను.

"నా తప్పూ ఉంది," అన్నాడాయన. "కుళాయి వచ్చే వేళకి రావాలి. ఆఫీసు బండి ఇవ్వరు, పది తర్వాతే పంపిస్తారు. ఎందుకు అలా పంపిస్తారో నన్నడక్కండి." ఖాళీ సీసాలు ఆరు బల్ల మీద పెట్టాడు. "చూడండి. నీళ్లు వచ్చేటప్పుడు పైపు నిండుగా ఉంటుంది. ఆపగానే ఖాళీ అవుతుంది. ఖాళీ పైపు ఊరుకోదు, ఎక్కడ చిల్లుంటే అక్కడ బయటి తడిని లోపలికి పీలుస్తుంది. మర్నాడు మొదట వచ్చేవి ఆ నీళ్లే. రేపు ఆరింటికి చివరి వీధిలో, మొదటి ధార పట్టండి. కుళాయి తోమొద్దు. గుడ్డ కట్టొద్దు. నాకు మర్యాద చేయొద్దు."

మర్నాడు ఏడో వీధిలో మొదటి ధార పట్టాను. ముక్కు మూసుకుని పట్టాను. ఆ సీసాలు కొంగు చాటున ల్యాబుకి చేర్చాను. మూడో రోజున ఆయన చేతిరాతతో ఒక చీటీ ఇచ్చాడు. మలం కలిసిన నీరు, త్రాగుటకు పనికిరాదు. "అసలు రిపోర్టు పైకి పంపాను. పైవాళ్లు బీరువాలో పెట్టి తాళమేశారు. ఇది నా చేత్తో రాసిన నకలు. నా పేరు చెప్పొద్దని అడగాలనుకున్నాను," అన్నాడు. సీసాలు సర్దుకుంటూ, "చెప్పండి ఫరవాలేదు" అన్నాడు.

చీటీ ఉంది సరే, ఊరందరికీ తెలిసేదెలా? మా వీధుల్లో సగం మందికి చదువు రాదు. చదువొచ్చినవాళ్లు గోడ మీద గవర్నమెంటు ముద్రున్న కాగితం చదివారు. అవ్వ నోరు ఎంత పెద్దదైనా ముద్ర ముందు చాలదు. అప్పుడు ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్ పిల్ల అంది, "అక్కా, ఈ నెలంతా ఎర్ర ఆర్డరే కదా. తుక్కు బస్తాల కొద్దీ పడి ఉంది." అంతే. షిఫ్టు అయ్యాక ఒక్కొక్కరం పైట చాటున, టిఫిను డబ్బాల్లో ఎర్ర పీలికలు తెచ్చాం. ఆ సాయంత్రం ఏడు వీధుల్లో ప్రతి కుళాయి మెడకీ ఎర్రగుడ్డ కట్టి, ప్రతి గుమ్మం ముందూ నిలబడి చెప్పాం. ఎర్రగుడ్డున్న కుళాయి నీళ్లు తాగొద్దు. కాచకుండా పసిపిల్లలకి పట్టొద్దు.

అందరూ చేతులెత్తి మొక్కారనుకుంటున్నారా? టీకొట్టాయన గయ్యిమన్నాడు. "కాచుకోవడానికి గ్యాసెవడిస్తాడు? మీ నాన్నా? ఏడింటికి నీళ్లాగిపోయి ఎనిమిదింటికి బెల్లు కొడితే, ఎప్పుడు కాస్తారు, ఎప్పుడు చల్లారుస్తారు? నా కొట్టు మూయించడానికే కదా ఈ గుడ్డలు?"

"నీ టీ ఎలాగూ కాచేదే కదరా సచ్చినోడా, నీకెందుకు అంత కంగారు?" అంది అవ్వ. వీధంతా నవ్వింది. కానీ ఆయనన్న మాటలో నిజముంది. జబ్బు ఎలా వస్తుందో చెబితే సరిపోదు. కాచుకునే తీరిక కూడా మా చేతుల్లో లేదు. ఆ మాట నన్ను ముల్లులా గుచ్చింది.

మర్నాడు పురపాలక మనుషులు కత్తెరలు తెచ్చి గుడ్డలు కోసేశారు. సాయంత్రానికి మళ్లీ కట్టాం. కోశారు. కట్టాం. ఎర్ర ఆర్డరు చాలా పెద్దది లెండి. మూడోసారికి కుట్టులో మేం నేర్చుకున్న ముడులన్నీ వేశాం, కత్తెరలు విరిగాయి. ఆదివారం ఫ్యాక్టరీ వెనక మైదానంలో మీటింగని అవ్వ ఏడు వీధులకీ చాటింది.

శనివారం మధ్యాహ్నం కాంట్రాక్టరు మా ఇంటికొచ్చాడు. తెల్ల కారు వీధిలో పట్టక మలుపులో ఆగింది. చిన్నది మంచం మీద ఉంది. ఏడో నెల వచ్చింది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి.

"ఏరా, మీ ఆవిడకి ఇంత సీరియస్‌గా ఉంటే నాకు చెప్పొద్దా?" అన్నాడు మరిది భుజం మీద చెయ్యేసి. "పెద్దాసుపత్రిలో గది మాట్లాడాను. ఏసీ గది. కారు బయటే ఉంది, ఎక్కించు. ఖర్చంతా నాది. రేపు మాత్రం ఆ మీటింగు జోలికి వెళ్లకు. ఆసుపత్రిలో మీ ఆవిడ పక్కనే కూర్చో. మొగుడన్నవాడు అక్కడేగా ఉండాలి?"

మరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. వాడు నా వంక చూడటం లేదు, పెళ్లాం వంక చూడటం లేదు. నాకు అర్థం కాలేదు. మీటింగులో మాట్లాడేది నేను. వీడు వెళ్తే ఏం చెబుతాడని కాంట్రాక్టరుకి ఏసీ గది ఇచ్చేంత భయం?

మంచం మీంచి చిన్నది అంది, "ఎక్కుతానండీ."

కాంట్రాక్టరు మొహం వెలిగింది. "అదీ, తెలివైన పిల్ల!"

"కారెక్కుతాను. ఆ గదిలో చేరతాను. నాకు బతకాలని ఉంది, నా బిడ్డ బతకాలని ఉంది. ఈయన మీటింగుకి కూడా వెళ్తాడు. సరేనా?"

"అలా కుదరదమ్మా."

"అయితే మీరొచ్చింది నన్ను బతికించడానికి కాదు. కారు వెనక్కి తిప్పుకోండి."

ఏడుస్తూనే అంది ఆ మాట. దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దానికి మాత్రం ఆ గది మీద ఆశ లేదా? ఉంది. ఆ ఆశని కూడా వాడు బేరానికి వాడుకున్నాడు చూడండి, అందుకే నాకు ఇవాళ్టికీ పళ్లు పటపటలాడతాయి.

కారు వెళ్లిపోయాక మరిది నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "వదినా, పైపు ఎక్కడుందో నాకు తెలుసు."

"ఎక్కడుంది?"

"మురుగు కాలువలో. రోడ్డు తవ్వి వేరే గుంతలో వేయాలి. రాయి తగిలింది, తవ్వకం ఎక్కువవుతుందని కాంట్రాక్టరు కాలువలోనే పడేసి పైన పలకలు కప్పించాడు. జాయింట్లకి సైకిలు ట్యూబు చుట్టారు. నేనక్కడే ఉన్నాను. పలకలు మోసిన నలుగురిలో నేనొకణ్ని. మర్నాడే నాకు వాల్వు పని ఇచ్చాడు." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "రెండేళ్ల నుంచి రోజూ నా చేత్తోనే వదులుతున్నాను వదినా. దాని నోట్లో పోసింది నేనే."

కొట్టాను. ఎదిగిన మనిషని చూడకుండా రెండు చెంపలూ వాయించాను. తర్వాత వాడి తల ఒళ్లో పెట్టుకుని నేనూ ఏడ్చాను. చిన్నది గోడవైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే, "రేపు నలుగురిలో చెప్పు. నాకు చెప్పి ఏం లాభం?" అంది. ఆ సాయంత్రమే ఇరవై మంది ఆడవాళ్లం దాన్ని రిక్షాలో కూర్చోబెట్టి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి వార్డు ముందు నిలబడ్డాం. మంచాలు లేవన్నారు. మేమూ కదల్లేదు. మంచం వచ్చింది.

ఆదివారం మైదానంలో ఇసకేస్తే రాలనంత జనం. ముందు నా తప్పు నేను చెప్పాను. పరువుకి పోయి కాచిన నీళ్లు ఇచ్చానని చెప్పాను. "మేమూ అంతే కదే," అని నాలుగో వీధి నుంచి ఒకరు, రెండో వీధి నుంచి ఒకరు. కొందరు నవ్వారు, కొందరు తల బాదుకున్నారు. సీసాలాయన చీటీ చదివి వినిపించాను.

తర్వాత మరిది లేచాడు. కాలువ, పలకలు, సైకిలు ట్యూబు, అంతా చెప్పాడు. తన పేరుతో సహా చెప్పాడు. జనం ఒక్కసారిగా మీదికొచ్చారు. ఇస్త్రీ తాత కూతురు వాడి చొక్కా పట్టుకుని, "మా నాన్నని చంపావు కదరా" అని ఊపేసింది. ఎవడో చెప్పు తీశాడు. నేను మధ్యలోకి దూరి రెండు చేతులూ చాపాను. "కొట్టండి. నిన్న నేనూ కొట్టాను. కానీ ఒక్క మాట. పలకలు మోసింది వీడు, మోయించింది ఎవడు? బిల్లు మీద సంతకం పెట్టింది ఎవడు? వీణ్ని ఇక్కడే చంపేస్తే వాళ్లిద్దరూ ఇంట్లో కాలుమీద కాలేసుకుని మనకి దణ్ణం పెడతారు."

ఇస్త్రీ తాత కూతురు చొక్కా వదల్లేదు. వదలకుండానే అడిగింది. "ఎక్కడ? చూపించు."

అలా పట్టుకునే నడిపించింది. వాళ్ల వెనక మేమందరం. మూడో వీధి, నాలుగో వీధి మధ్య కాలువ దగ్గర వాడు ఆగాడు. గునపాలు వచ్చాయి. పట్టపగలు, అందరి కళ్లముందు, నాలుగు పలకలు లేపాం. నల్లటి మురుగు, ఆ మురుగులో సగం మునిగి మా తాగునీటి పైపు. జాయింటు దగ్గర ట్యూబు కుళ్లి పీలికలై వేలాడుతోంది. ఒక తల్లి చంకలో పిల్ల మూతిని పమిటతో తుడుస్తూనే ఉంది.

అక్కడే, ఆ కాలువ గట్టునే తేల్చుకున్నాం. కొత్త పైపు వేరే గుంతలో పడేదాకా ఈ వాల్వు తెరవకూడదు. రోజూ ట్యాంకర్లు పంపాలి. ఇన్నాళ్లూ చచ్చినవాళ్ల ఇళ్లకి జవాబు చెప్పాలి.

"వాల్వు మూస్తే రేపు పొద్దున గొంతులో ఏం పోసుకుంటాం?" అన్నాడు టీకొట్టాయన. ఇది కూడా సరైన ప్రశ్నే. ఆయన ప్రశ్నలన్నీ సరైనవే, మనిషే కాస్త మొండి.

కటింగ్ సెక్షన్ పిల్ల జవాబిచ్చింది. "ఫ్యాక్టరీ బోరు నీళ్లు బాగుంటాయి. ఓనరు కుక్క కూడా అవే తాగుతుంది. షిఫ్టు దిగేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో బిందె. గేటు మూస్తే మనం మిషన్లు మూద్దాం."

"బిందెలు సరే, ఆ బరువు ఏడో వీధి దాకా ఎవరు మోస్తారు?"

"నీ కొట్టు ముందు పొద్దస్తమానం కూర్చునే మగాళ్లున్నారుగా," అంది అవ్వ. ఆయన రోషం తెచ్చుకుని తన తోపుడుబండి ఇచ్చాడు.

సోమవారం పొద్దున ఆరింటికి ఇంజినీరు పోలీసుల్ని వెంటేసుకుని వాల్వు గుంత దగ్గరికొచ్చాడు. వాల్వు మూసి ఉంటే పైపు చెడిందని ఒప్పుకున్నట్టవుతుంది కదా, అదీ ఆయన బాధ. "తెరువు. తాగేవాడు తాగుతాడు, లేనివాడు మానేస్తాడు. నీకెందుకు?" అన్నాడు.

మరిది ఇనుప తాళం నేలమీద పెట్టాడు. "తెరవను సార్."

"ఉద్యోగం పోతుంది."

"పోనీండి."

ఇన్‌స్పెక్టరు వాడి మెడ పట్టి వ్యానులోకి తోశాడు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం, విధులకు ఆటంకం, వదంతులు. కాలువలో పైపు వేసినవాడి మీద ఏ కేసూ లేదు, కాలువలో పైపు ఉందని చెప్పినవాడి మీద మూడు. మేం వ్యానుకి అడ్డం పడ్డాం, లాఠీలు ఆడించారు. నా మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. చిన్నదానికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. నేను వెళ్లేసరికి అయిపోయింది. ఆడపిల్ల. ఊపిరి తీసుకోలేదు. డాక్టరమ్మ నా చేతిలో చిన్న మూట పెట్టి, "తల్లిని దక్కించుకోవచ్చు" అని మాత్రం అంది. చిన్నది కళ్లు తెరిచి, "ఆయనేరి?" అంది. చెప్పాను. మూట వంక చూసి, నా వంక చూసి, "ఒక్కసారి ఇవ్వక్కా" అంది. ఇచ్చాను. ఆ పిల్ల బుగ్గలు కూడా పచ్చగానే ఉన్నాయి. అన్నల్లారా, ఏ పైపు ఖర్చు మిగుల్చుకోవడానికి అది జరిగిందో నేను చచ్చేదాకా మర్చిపోను, మిమ్మల్నీ మర్చిపోనివ్వను.

తొమ్మిదో రోజున ఇంజినీరుకి ఇంకో ఉపాయం తట్టింది. ట్యాంకరు రాలేదు, పైపు రాలేదు. మా వాల్వు తెరవడానికి ఇంకో వాల్వు మనిషిని పట్టుకొచ్చాడు, ఆఫీసర్ల కాలనీలో తిప్పే పెద్దాయన్ని. పాతికేళ్ల నుంచి అదే పని చేస్తున్న మనిషి. ఒక వ్యాను పోలీసులు. చిన్నదాన్ని ఆ పొద్దున్నే ఆసుపత్రి నుంచి పంపించారు. రిక్షా మలుపు తిరగ్గానే అది దిగింది. నేను వద్దంటున్నా వినకుండా, గోడ పట్టుకుంటూ వెళ్లి, వాల్వు గుంత ఇనుపమూత మీద కూర్చుంది.

"లేమ్మా, పనిని అడ్డుకోకు," అన్నాడు ఇంజినీరు.

"లేవలేనండీ. ఎనిమిది రోజుల కిందట కాన్పయింది నాకు."

"మరి ఇంట్లో పడుకోవాలి గానీ..."

"ఇంట్లో పడుకోబెట్టుకోవడానికి పిల్ల లేదండీ."

పెద్దాయన చేతిలో ఇనుప తాళం అలాగే ఉండిపోయింది. ఆయన చిన్నదాన్ని చూశాడు, కుళాయిలకున్న ఎర్రగుడ్డల్ని చూశాడు. అప్పుడే ఇంజినీరు ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలి గొంతు మా అందరికీ వినిపించేంత గట్టిగా ఉంది. ఇంజినీరు గుసగుసగా, "రావట్లేదా? ఒక్క చుక్క కూడానా? కమిషనర్ గారింట్లో కూడానా?" అన్నాడు.

"ఎలా వస్తాయి సార్?" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "అక్కడ తిప్పేది నేనే. ఆరింటికి నన్నిక్కడికి తెచ్చారుగా."

మొదట అవ్వ నవ్వింది. ఆ తర్వాత వీధి వీధంతా నవ్వింది. చావులైనప్పటి నుంచి మా వీధుల్లో అంత నవ్వు వినలేదు. ఇంజినీరు మొహం జేవురించింది. "నవ్వులాటలా? పదవయ్యా, ముందు అక్కడ తిప్పేసి రా. కారెక్కు."

పెద్దాయన ఇనుప తాళం చిన్నదాని పాదాల దగ్గర పడుకోబెట్టాడు. "ఈ అమ్మాయి లేచేదాకా ఎక్కడా తిప్పను సార్. నేనే కాదు, మావాళ్లెవరూ తిప్పరు. ఊరి మొత్తానికి మేం ముప్పై ఎనిమిది మందిమి. అందరం కాంట్రాక్టు వాళ్లమే. లోపలున్న కుర్రాడు మావాడు."

"ఎప్పుడు లేస్తావు నువ్వు?" అని ఇంజినీరు చిన్నదాని మీద అరిచాడు.

"మా ఆయన్ని తీసుకురండి. పైపు తీసుకురండి. ఆ పైపు వేయించినవాణ్ని మా ఆయన ఉన్న గదిలో పెట్టండి. అప్పుడు చెప్పండి, లేస్తాను."

"అరెస్టు చెయ్యండి!" అన్నాడు ఇంజినీరు.

చిన్నదాని పక్కన నేను కూర్చున్నాను. నా పక్కన ఇస్త్రీ తాత కూతురు కూర్చుంది. ఆమె పక్కన పెద్దాయన, ఆయన పక్కన అవ్వ, టీకొట్టాయన, కటింగ్ సెక్షన్ పిల్ల. ఎనిమిదింటికి ఫ్యాక్టరీ బెల్లు కొట్టింది, ఏడు వీధుల పొడుగునా కూర్చున్నవాళ్లలో ఒక్కరం లేవలేదు. ఒక్క వ్యానుతో వచ్చిన ఇన్‌స్పెక్టరు అరెస్టు చేయాల్సినవాళ్లని వేలు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండో వీధి దాటి మూడో వీధిలోకి వచ్చాక చెయ్యి దించేశాడు.